తడి చొక్కా కేసు: విశాఖ తీరం నుంచి ఔలీ మంచు దాకా ఒక ఏడాది శిక్షణ

సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లను హిమాలయాలకు సిద్ధం చేయడం నా వృత్తి. వచ్చినవాళ్లు దాదాపు అందరూ ముందుగా అడిగేది చలి గురించే. ఈ కేసులోని మహిళ కూడా అదే అడిగారు. వయసు 43, బ్యాంకు ఉద్యోగం, ఇల్లు మద్దిలపాలెం వైపు. ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు కాబట్టి దూరం నడవడం ఆమెకు కొత్త కాదు. మంచును మాత్రం అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే తాకారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, పనిచేసే చోటు వదిలేశాను.

ఆమె కోరికలో అస్పష్టత ఏమీ లేదు. వచ్చే ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీయింగ్ నేర్చుకోవాలి. నేర్చుకున్నాక లిఫ్టు ఎక్కకుండా, స్కీల మీదే అడవిలోంచి గోర్సన్ బుగ్యాల్ (అడవి పైన ఉండే కొండ పచ్చిక) దాకా ఎక్కి, అవే స్కీల మీద దిగాలి. చేతిలో ఉన్నది ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక శరత్తు, చలికాలంలో సగం.

"మాస్టారూ, నాకు చలంటే భయం. మిగతాది ఎలాగో నెట్టుకొస్తాను" అన్నారు.

ఏడాది పొడవునా ఆమెను నిజంగా ఇబ్బంది పెట్టింది చలి కన్నా ముందు చెమట. తీరప్రాంతపు మనిషికి కొండ మీద చలి బయటి నుంచి రాదు, చాలాసార్లు సొంత చొక్కాలోంచే పుడుతుంది. ఈ సంగతి విన్నప్పుడు అందరూ తల ఊపుతారు, ఎవరూ నమ్మరు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

మొదటి పరీక్ష, దాని వెనుక ఒంటి లెక్క

ఏప్రిల్‌లో తెల్లవారుజామున సింహాచలం మెట్ల దారిలో మొదటి పరీక్ష పెట్టాను. వీపున 8 కిలోల సంచి. ఎక్కే ముందు, దిగాక బరువు తూచి, మధ్యలో తాగిన నీళ్లను లెక్కలోకి తీసుకుంటే, ఒంట్లోంచి పోయిన చెమట ఎంతో తెలుస్తుంది; ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు. ఆమెది గంటకు లీటరు దాటింది. మెట్లెక్కిన తర్వాత గుండె వేగం త్వరగానే మామూలు స్థితికి వచ్చింది. మోకాళ్లు బాగున్నాయి. దిగేటప్పుడు మాత్రం చివరి వంద మెట్లలో తొడలు వణికాయి. స్కీయింగ్ అంటే ఆసాంతం తొడల మీద బరువు ఆపుకుంటూ దిగడమే కాబట్టి ఆ వణుకును రాసిపెట్టుకున్నాను.

వైద్యుడి దగ్గరికి కూడా పంపాను. ఎత్తుకు వెళ్లే మహిళలకు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి అని నా అభిప్రాయం. 3,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి తీరంలో ఉన్నదానిలో 70 శాతమే. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను మోయడానికి రక్తంలో సత్తువ ఉండాలి. ఆమెకు కొద్దిగా తక్కువ ఉంది. ఇనుము మాత్రలు మొదలయ్యాయి. అక్టోబరు నాటికి సరైన స్థాయికి వచ్చింది.

వేడికి అలవాటుపడిన ఒళ్లు చెమటను ముందుగా మొదలుపెడుతుంది, ఎక్కువగా పోస్తుంది. విశాఖ ఉక్కపోతలో అది శరీరం నేర్చుకున్న మంచి విద్యే. అయితే ఇక్కడి గాలిలో తేమ వల్ల ఆ చెమట ఆరదు, కారిపోతుంది. అదే మనిషిని పొడి గాలి వీచే కొండ మీద నిలబెడితే, ఎక్కుతున్నంతసేపూ చెమట పోస్తుంది, ఆగిన క్షణం నుంచి ఆరడం మొదలవుతుంది. ఒక లీటరు చెమట ఆరడానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. అందులో చాలా భాగం ఒంట్లోంచే పోతుంది. పైగా నీరు గాలి కన్నా పాతిక రెట్ల వేగంగా వేడిని లాగేస్తుంది. నూలు చొక్కా ఆ నీటిని వదలకుండా ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. వంటింటి తూకం మీద ఆమె నూలు చొక్కాను కంబాలకొండ ఎక్కక ముందు, ఎక్కాక తూచి చూపించాను. బరువు రెట్టింపు దాటింది. పాలియెస్టర్ చొక్కా పట్టుకున్న తడి అందులో చిన్న భాగం. ఆ రోజు నుంచి శిక్షణకు నూలు బట్టలు మానేశారు, కానీ చలి భయం మానలేదు. ఆ భయం అక్టోబరులో బయటపడింది.

ఎండాకాలమంతా పని సాదాసీదాగా సాగింది. వాహనాలు ఆపేసే వేళ బీచ్ రోడ్డు మీద ఇన్‌లైన్ స్కేటింగ్, పొడి ఇసుకలో నడక, బరువుతో మెట్లు దిగడం. స్కేటింగ్ దేనికని చాలామంది అడుగుతారు: బరువును ఒక కాలి అంచు నుంచి రెండో కాలి అంచుకు మార్చడం నేర్పుతుంది. ఎర్రమట్టి దిబ్బల మీద చెక్క పలకతో జారి సాధన చేద్దామా అని ఆమె ఒకసారి అడిగారు. భీమిలి దారిలోని ఆ దిబ్బలు భూవారసత్వ స్థలం. వేల ఏళ్లుగా పేరుకున్న మట్టిని మన సరదా కోసం గీకడం నాకు ససేమిరా ఇష్టం లేదు. వద్దన్నాను.

వానాకాలం: లోపలి తడి

గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి రాత్రంతా నడుస్తారు. ఆ ఏడాది ఆమెకు నేను ఇచ్చిన పని ఒకటే: వేగం ఎంతంటే అప్పన్న నామం ఆయాసం లేకుండా పూర్తిగా చెప్పగలిగినంత. మధ్యలో మాట తెగితే వేగం తగ్గించాలి. గుండె వేగం చూపే గడియారాల కన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. ఔలీలోనూ ఇదే పనికొచ్చింది.

శ్రావణంలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి సొరంగాలు దాటుకుంటూ బొర్రా దగ్గర దిగాం. అక్కడి నుంచి స్థానిక గిరిజన యువకుడి వెంట అనంతగిరి, అరకు వైపు కాఫీ తోటల అంచుల మీదుగా, రాత్రుళ్లు ఊళ్లలో తలదాచుకుంటూ నడక. సంచి 12 కిలోలు. జలగలు, జారుడు మట్టి, ఎడతెగని వాన. ఖరీదైన రెయిన్‌కోటు వేసుకున్న ఆమె రెండో రోజు మధ్యాహ్నానికి తడిసి ముద్దయ్యారు. కోటు కారిందని అనుమానపడ్డారు. కోటు బాగానే ఉంది. లోపలి చెమటకు దారి లేదు, అంతే. పక్క పొలంలో గిడుగులు వేసుకుని నాట్లు వేస్తున్నవాళ్ల వీపులు పొడిగా ఉన్నాయి. గిడుగు పైనుంచి వానను ఆపుతుంది, పక్కల నుంచి గాలి ఆడనిస్తుంది. మర్నాడు ఆమె కోటు మడిచి సంచిలో పెట్టి గొడుగు పట్టుకున్నారు. చంకల కింద జిప్పులున్న జాకెట్టు కొనాలని నేను చెప్పకుండానే ఆమెకు తట్టింది ఆ కాఫీ తోటల్లోనే.

శరత్తు: క్వారీ కనుమ దగ్గర ఏం జరిగింది

ఫిబ్రవరిలో స్కీల మీద వెళ్లాల్సిన నేలను ముందు కాళ్లతో చూడాలని నా పట్టుదల. మంచు కప్పేశాక లోయ ఏదో, పచ్చిక ఏదో, వాలు ఎక్కడ నిటారుగా మారుతుందో తెలియదు. అందుకని అక్టోబరులో ఢాక్ వైపు నుంచి ఎక్కి క్వారీ కనుమ చూసి, గోర్సన్ మీదుగా ఔలీలో దిగే దారి ఎంచుకున్నాం. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి బసను నిషేధించింది కాబట్టి గుడారాలు పచ్చికల కింద, అడవి హద్దుల్లోనే.

అక్టోబరు అంటే మనకు తుఫానుల నెల. హిమాలయాలకు వెళ్తున్నా విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం ప్రకటనలు చూస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటింది. దాని మిగులు రెండు రోజుల తర్వాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో మంచు తుఫానై విరుచుకుపడి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. మన ఇళ్ల పైకప్పులు లేపిన గాలే అక్కడ కనుమ దారులను పూడ్చింది. మేం వెళ్లిన వారం బంగాళాఖాతం ప్రశాంతంగా ఉంది.

ఎత్తు విషయంలో పాఠ్యపుస్తకం దాటలేదు. 3,000 మీటర్ల పైన పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకున్నాం. వైద్యుడి సలహాతో ఎసిటజోలమైడ్ 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా వేసుకున్నారు. వేళ్ల కొసల్లో తిమ్మిరి తప్ప ఇబ్బంది లేదు. ఖుల్లారాలో కొద్దిగా తలనొప్పి వచ్చి, తిని పడుకున్నాక పోయింది.

కనుమకు బయలుదేరిన తెల్లవారుజామున నేల మీద తెల్లటి పెళుసు మంచు. ఆమె గుడారంలో వేసుకున్న డౌన్ జాకెట్టు (పక్షి ఈకలు నింపినది) తీయనన్నారు. "నడిస్తే వేడెక్కుతుందమ్మా, తీసేయండి" అంటే, "వేడెక్కాక తీస్తాను" అన్నారు. వేడెక్కింది. తీయలేదు, ఎందుకంటే ఆగితే గాలి కొడుతోంది. చివరి నిటారు ఎక్కుడులో మిగతావాళ్లను దాటి పైకి వెళ్లిపోయారు. నేను చేరేసరికి కనుమ మీద నిలబడి సంజీవని కొండగా చెప్పే 7,066 మీటర్ల ద్రోణగిరి వైపు ఫోను పట్టుకుని ఉన్నారు. పది నిమిషాల్లో వణుకు మొదలైంది. జాకెట్టులోని ఈకలు చెమటకు ఉండలు కట్టాయి. వేళ్లు మొద్దుబారి జిప్పు పట్టుకోలేకపోయారు.

నేను గమనించింది వణుకు కన్నా ఆ తర్వాత వచ్చిన తొందర. "పదండి, దిగిపోదాం, ఇప్పుడే" అని నా మాట వినకుండా గడ్డ కట్టిన వాలు మీద అడుగు వేశారు, జారి కూర్చున్నారు. దెబ్బ తగల్లేదు. బండ చాటుకు తీసుకెళ్లి, లోపలి చొక్కా మార్పించి, ఫ్లాస్కులోని వేడి నీళ్లు, నువ్వుల చిమ్మిలి ఇచ్చాక పావుగంటలో మామూలు మనిషి అయ్యారు. (మాడుగుల హల్వా కూడా తెచ్చారు కానీ నెయ్యి బిగుసుకుని పళ్లకు పని చెప్పింది. చలి ప్రయాణాలకు చిమ్మిలే మేలు.)

తడి ఒళ్లు చలిని పుట్టిస్తుంది, చలి తొందరను పుట్టిస్తుంది, తొందరలో మనిషి కాలు ఎక్కడ పెడుతున్నాడో చూడడు. ఈ మూడో మెట్టు వల్లే చెమటను నేను సౌకర్యానికి సంబంధించిన విషయంగా చూడను.

చలికాలం: లంబసింగిలో ఆగుడు పరీక్ష

నవంబరు నుంచి శిక్షణ దిశ మార్చాను. లంబసింగిలో జనవరి తెల్లవారుజాములు కొన్నిసార్లు సున్నా దగ్గరికి వస్తాయి. మంచు లేకపోయినా మా పనికి అది చాలు. తాజంగి జలాశయం వైపు ఒక వాలు ఎంచుకున్నాం. పలచటి చొక్కా, పైన గాలిని ఆపే పలచటి జాకెట్టు, అంతే. మొదటి పది నిమిషాలు చలి వేయాలి. వేయకపోతే బట్టలు ఎక్కువైనట్టే. ఫ్లీస్, డౌన్ జాకెట్టు రెండూ సంచిలో, అన్నిటికన్నా పైన.

ఇరవై నిమిషాలు ఎక్కడం, ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడటం. ఆగిన వెంటనే, చలి వేయక ముందే, డౌన్ జాకెట్టు తొడుక్కోవాలి. నిలబడిన సమయం చివర సన్న తాడుతో ముడి వేసి విప్పాలి. వేళ్లు పనిచేస్తే ఆ వేగం, ఆ బట్టలు సరైనవి. దీన్ని ఆగుడు పరీక్ష అని పిలుస్తాను. మొదటి ఉదయాల్లో ఆమె ముడి వేయలేకపోయారు. వేగం తగ్గించమన్నాను, అలవాటైన నడక వేగాన్ని వదులుకోవడం ఆమెకు చలిని భరించడం కన్నా కష్టమైంది. జనవరి ముగిసేలోపు ముడి పడింది, విడింది కూడా.

ఇదే కాలంలో మంచు చరియల పాఠాలు. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో విరిగిపడతాయి. మంచు కింద పడినవాళ్లను పావుగంటలోపు తవ్వి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. బయటి నుంచి సాయం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్నవాళ్లే తవ్వాలి. అందుకే ప్రతి మనిషి దగ్గర ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్లను వెతికే రేడియో పరికరం), పొడవాటి గుచ్చుకర్ర, పార ఉండాలి. 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతాలు పంపే ట్రాన్సీవర్‌ను భీమిలి తీరంలో అలలు తగలని పొడి ఇసుకలో పాతిపెట్టి వెతికించాను. బాణం గుర్తు చూస్తూ దగ్గరికి రావడం, చివరి రెండు మీటర్లలో పరికరాన్ని నేలకు ఆనించి నెమ్మదిగా కదపడం, సుడి తిరిగినట్టు పాతిక సెంటీమీటర్ల ఎడంతో గుచ్చడం, వాలు కింది వైపు నుంచి తవ్వడం. చుట్టూ జనం మూగారు. బంగారు గొలుసు పోయిందనుకుని ఒక పెద్దాయన తనూ చేతులతో వెతకడం మొదలుపెట్టారు. ఆయనకు సంగతి చెప్పడానికి పట్టిన సమయంలో మంచు కిందైతే ఒక ప్రాణం పోయి ఉండేది.

ఔలీ

మేం వెళ్లేసరికి జోషిమఠ్ రోప్‌వే నడవడం లేదు. 2023 జనవరిలో అక్కడ నేల కుంగినప్పుడు ఆపారు. రోడ్డు మీదే పైకి చేరాం. ఔలీ వాలులు సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య ఉంటాయి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ ఏడు రోజులు, పద్నాలుగు రోజుల స్కీ కోర్సులు నడుపుతుంది. ఆమె ఏడు రోజుల కోర్సు చేశారు. ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి వేగం తగ్గించే స్నోప్లౌ త్వరగానే పట్టుబడింది. స్కేటింగ్ అక్కరకొచ్చింది. తొడలు నిలిచాయి.

నిలవనిది పాదాల సంగతి. ఒక అద్దె దుకాణంలో ఇచ్చిన బూట్లు ముందు భాగంలో ఇరుకు. జీవితమంతా చెప్పులు వేసుకున్న పాదం వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటుంది, ఆ బూట్లు అందుకు తగ్గవి కావు. పైగా ఆమె రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగారు. ఇరుకు బూటులో రెండు మేజోళ్లు రక్తాన్ని ఆపి వేళ్లను మరింత చల్లబరుస్తాయి. వెడల్పు బూట్లు మరోచోట దొరికాయి, ఒక్క పలచటి మేజోడుకు దిగాక వేళ్లకు రంగు వచ్చింది.

గోర్సన్‌కు ఎంచుకున్న రోజుకు ముందు రాత్రి గాలితో పాటు కొత్త మంచు పడింది. ఉదయం ఆకాశం కడిగినట్టుగా ఉంది, ఎదురుగా నందాదేవి. ఇలాంటి ఉదయాలే మనుషులను పైకి లాగుతాయి. చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ వెలువరించే చరియల హెచ్చరిక చూశాం. అయితే అది పెద్ద ప్రాంతానికి చెప్పేది, ముందున్న వాలును మనమే చూసుకోవాలి. వెంట వచ్చిన స్థానిక గైడు అడవి అంచు దాకా వెళ్లి నిర్ణయిద్దామన్నాడు.

స్కీల అడుగున స్కిన్లు అంటించాం. పిల్లి నాలుకలా ఒక వైపుకు నునుపుగా జారి, ఎదురు వైపుకు పట్టుకునే పట్టీలు అవి. బూటును స్కీకి పట్టే బైండింగులో మడమ వదులై లేస్తుంది, కాలును ఎత్తకుండా ఈడ్చుకుంటూ ఎక్కాలి. ఆమె పలచటి చొక్కాతో, జిప్పులు తెరిచి, చలికి ముఖం ముడుచుకుంటూ బయలుదేరారు. వెనుక నుంచి అప్పన్న నామం తెగకుండా వినిపిస్తూనే ఉంది.

చెట్లు పలచబడే చోట కాళ్ల కింద ధుమ్మని ఒక శబ్దం. పై పొర మొత్తం కొద్దిగా కుంగింది. గైడు చెయ్యెత్తి ఆపాడు. కింద ఉన్న బలహీన పొర కూలుతోందనడానికి అంతకన్నా స్పష్టమైన గుర్తు ఉండదు. అతను గొయ్యి తవ్వాడు. పైన గాలికి బిగుసుకున్న కొత్త పలక, దాని కింద చేతిలో నిలవని గరుకు పలుకులు. పలచటి మంచు మీద ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రులు వరుసగా వస్తే అడుగు మంచు అలా మారుతుంది. మంచు దిమ్మెను కోసి, పైన పార పెట్టి అరచేత్తో తట్టాడు: ముందు మణికట్టు నుంచి, తర్వాత మోచేయి నుంచి. మోచేతి దెబ్బలు మొదలైన కాసేపటికే పై పలక మొత్తం తెగి, చక్కగా జారి అతని ఒళ్లోకి వచ్చింది.

ఇదంతా అరగంట దాకా పట్టింది. గాలి ఆగలేదు. నేను గొయ్యితో పాటు ఆమెను కూడా చూస్తున్నాను. ఆగిన వెంటనే డౌన్ జాకెట్టు తొడుక్కున్నారు. వణుకు లేదు. చేతి తొడుగు తీసి ఆ గరుకు పలుకులను నలిపి చూశారు. ముందున్న వాలు ఎన్ని డిగ్రీలని అడిగారు. ఫోనులో కొలిస్తే మేం దాటాల్సిన చోటు పాతిక లోపే, కానీ దాని నెత్తిన ఉన్నది 35 దాటింది. కింద నడిచినా పైది విరగవచ్చని గైడు చెప్పాడు. "చెట్ల మధ్య నుంచే దిగే దారి ఉందా?" అని అడిగారు. ఉంది. గోర్సన్ ఆ రోజు మాకు దక్కలేదు. నిర్ణయం గైడుది. అయితే ఆ అరగంట మొత్తం అతనికి ఇవ్వగలిగింది మా పొడి చొక్కాలు. కనుమ మీది మనిషే తడిసి వణుకుతూ ఇక్కడ ఉంటే గొయ్యి పూర్తయ్యేది కాదు. పైకో కిందికో త్వరగా పోదామని మాకే అనిపించి ఉండేది.

దిగడం అందంగా ఏమీ లేదు. లోతైన మంచులో స్నోప్లౌ పనిచేయదు, కొనలు మునిగిపోతాయి. చెట్ల మధ్య ఆమె తరచూ పడ్డారు, లేవడానికి స్కీలు అడ్డంగా పెట్టుకోవడం అక్కడే నిజంగా నేర్చుకున్నారు. కిందికి చేరాక చొక్కా పట్టుకుని చూస్తే వీపు దగ్గర మాత్రమే తడి.

ఈ కేసు తర్వాత విశాఖ నుంచి వచ్చేవాళ్లందరికీ ఆగుడు పరీక్షను మొదటి నెలలోనే పెడుతున్నాను, చలికాలం దాకా వాయిదా వేయకుండా. మన ఊళ్లో అంత చలి లేకపోయినా ఫర్వాలేదు. ఫ్యాను ఎదురుగా తడి చొక్కాతో ఇరవై నిమిషాలు నిలబడితే సంగతి సగం అర్థమవుతుంది. గోర్సన్‌కు ఆమె మార్చి చివర మళ్లీ వెళ్లాలనుకుంటున్నారు. అప్పుడు మంచు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుంది కాబట్టి ఉదయం త్వరగా దిగేయాలి. తెలియక మిగిలిపోయిన చిక్కు ఒకటుంది. ఒళ్లు పొడిగా ఉంచుకోగలిగారు గానీ, ప్లాస్టిక్ బూటులో పాదాల చెమట ఆగలేదు. లోపలి మెత్త రాత్రంతా పొయ్యి పక్కన పెట్టినా తెల్లారేసరికి చెమ్మగానే ఉండేది. ఈ వానాకాలం గంబూట్లు తొడిగి, ఒక కాలికి పలచటి మేజోడు మీద ప్లాస్టిక్ సంచి, రెండో కాలికి ఉత్త మేజోడుతో కంబాలకొండ ఎక్కిస్తున్నాను. ఏ కాలి మేజోడు బరువు తక్కువ పెరుగుతుందో వంటింటి తూకం మీద చూస్తున్నాం.